పాశ్చాత్య పాటల్లో "మొట్టమొదటివి" (1940–60): క్విజ్ జవాబులు సరిచూడగలరా?

#1 క్విజ్‌పిచ్చి
హన్మకొండలో వచ్చే నెల క్విజ్ పెడుతున్నాం. ఒక రౌండు మొత్తం 1940–60 మధ్య అమెరికా, బ్రిటన్ పాటల్లో "మొట్టమొదటివి". నా జవాబులు ఇవీ. తప్పుంటే మొహమాటం లేకుండా కొట్టెయ్యండి.
1. మొదటి ఎల్పీ (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు): ఫ్రాంక్ సినాత్రా, 1948
2. మొదటి 45 (నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు): ఎడ్డీ ఆర్నాల్డ్, 1949
3. మొదటి గోల్డ్ డిస్క్: పెరీ కోమో, 1958
4. మొదటి రాక్ అండ్ రోల్ రికార్డు: రాక్ అరౌండ్ ద క్లాక్, 1955
5. బిల్‌బోర్డ్‌లో (అమెరికా సంగీత పత్రిక) మొదటి నంబర్ వన్: రికీ నెల్సన్, 1958
6. ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు: హార్ట్‌బ్రేక్ హోటల్, 1956
7. బ్రిటన్ చార్టులో మొదటి నంబర్ వన్: ఆల్ మార్టినో, 1952
8. మొదటి గ్రామీల్లో రికార్డ్ ఆఫ్ ద ఇయర్: వొలారే, 1959
ఇంకోటి. రెండు పాత 45 రికార్డులు స్టేజి మీద నిజంగా తిప్పి వినిపించాలని ఉంది. 1950ల నాటి అమెరికన్ ప్లేయర్ ఒకటి దొరికింది. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కూడా సిద్ధం.

#2 నల్లచక్రం
7, 8 నిలబడతాయి. 6 పూర్తిగా తప్పు. మిగతా అయిదింటికీ జబ్బు ఒక్కటే. "మొదటి" అన్నారు గానీ, దేంట్లో మొదటిదో చెప్పలేదు. పాడిన రోజు వేరు, రికార్డు అంగట్లోకొచ్చిన రోజు వేరు, చార్టెక్కిన రోజు వేరు. ఆ మాట ప్రశ్నలోనే రాకపోతే చదువుకుని వచ్చిన జట్టు మీతో గొడవేసుకుంటుంది. గెలుస్తుంది కూడా.

ఎల్పీ సంగతి. కొలంబియా రికార్డు కంపెనీ వాళ్ళు 1948 జూన్‌లో న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో దీన్ని పత్రికలవాళ్ళకి చూపించారు. మొదటి విడతలోనే వందకు పైగా రికార్డులు కలిసి వచ్చాయి. కాబట్టి "మొదటిది" అంటే కేటలాగు నంబరులో మొదటిదని అర్థం. 12 అంగుళాల వరసలో అది ఎం.ఎల్. 4001, మెండెల్సన్ వయొలిన్ కచేరీ. వాయించింది నాథన్ మిల్‌స్టైన్, వాద్యబృందాన్ని నడిపింది బ్రూనో వాల్టర్. 10 అంగుళాల పాపులర్ వరసలో సి.ఎల్. 6001, ఇదే మీ సినాత్రా. పైగా ఆ పాటలు అప్పటికి కొత్తవి కావు. 1946లోనే నాలుగు 78ల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల) ఆల్బమ్‌గా వచ్చాయి, 8 పాటలు. ప్రశ్నని "కొలంబియా 10 అంగుళాల పాపులర్ ఎల్పీ వరసలో మొదటి నంబరు ఎవరిది?" అని మార్చండి.

#3 పాతపాటలపెట్టె
గోల్డ్ డిస్కు నేను చూస్తా. 1942 ఫిబ్రవరి 10న గ్లెన్ మిల్లర్‌కి "చాటనూగా చూ చూ" 12 లక్షల ప్రతులు అమ్ముడైనందుకు అతని రికార్డు కంపెనీ ఆర్సీఏ విక్టర్ బంగారు పూత వేసిన రికార్డు బహూకరించింది, అదీ రేడియో కార్యక్రమంలో. అది కంపెనీ తన కళాకారుడికి తనే వేసిన దండ. బయటివాళ్ళు లెక్కలు చూసి ఇచ్చింది 1958 మార్చి 14న. అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ధ్రువీకరించిన మొదటి గోల్డ్ సింగిల్ (పక్కకో పాట ఉండే రికార్డు) పెరీ కోమో "కాచ్ ఎ ఫాలింగ్ స్టార్". అదే ఏడాది మొదటి గోల్డ్ ఆల్బమ్ "ఓక్లహోమా!" సినిమా పాటలు. సింగిల్‌కి కొలత పది లక్షల ప్రతులు, ఆల్బమ్‌కి పది లక్షల డాలర్ల అమ్మకం. ఒకటి ప్రతుల లెక్క, ఒకటి డబ్బు లెక్క. రెండూ "మిలియన్" కాబట్టి క్విజ్‌లో జనం బోల్తా పడేది ఇక్కడే. దీన్నే ప్రశ్నగా పెట్టండి, బాగుంటుంది.

బిల్‌బోర్డ్ కూడా అంతే. రికీ నెల్సన్ "పూర్ లిటిల్ ఫూల్" హాట్ 100 అనే పట్టికలో మొదటి నంబర్ వన్, 1958 ఆగస్టు 4. కానీ పత్రిక దేశమంతటి అమ్మకాల పట్టిక వేయడం 1940 జులైలోనే మొదలుపెట్టింది. దాంట్లో మొదటి నంబర్ వన్ టామీ డోర్సీ బృందం "ఐల్ నెవర్ స్మైల్ అగైన్". పాడిన కుర్రాడు సినాత్రా. మధ్యలో 1955 నవంబర్ 12న టాప్ 100 అని ఇంకోటి వచ్చింది, దాంట్లో మొదటిది ఫోర్ ఏసెస్ బృందం. అంటే ఒకే పత్రికలో ముగ్గురు "మొదటి" విజేతలు.

#4 క్విజ్‌పిచ్చి
అన్నా, అయితే హాట్ 100 అని ఒక్క మాట చేరిస్తే సరిపోతుందా?

#5 పాతపాటలపెట్టె
సరిపోతుంది తమ్ముడూ. హాట్ 100కి ముందు దుకాణాల్లో అమ్మకం, రేడియోలో మోత, జ్యూక్‌బాక్సుల్లో (నాణెం వేస్తే పాట వినిపించే యంత్రాల్లో) మోత అని మూడు పట్టికలు విడివిడిగా నడిచేవి. ఒకే వారం మూడింట్లో మూడు వేరే పాటలు పైనుండొచ్చు. హాట్ 100 వచ్చాక అన్నీ కలిపి ఒకే అంకె. వొలారే అదే ఆగస్టు 18న ఆ పట్టికలో పైకెక్కిన రెండో పాట. ఆ తర్వాత 1959 మే 4న మొదటి గ్రామీల్లో రికార్డ్, సాంగ్ రెండు బహుమతులూ దానివే. ఇటాలియన్ పాట. ఆ సాయంత్రం ఎల్లా ఫిట్జెరాల్డ్, కౌంట్ బేసీ గ్రామీలు గెలిచిన మొదటి నల్లజాతి కళాకారులయ్యారు. 8వ ప్రశ్నకి ఇది బోనస్‌గా పెట్టుకోండి.

#6 లెస్టర్‌మావయ్య
బ్రిటన్ చార్టు సరే. 1952 నవంబర్ 14, న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్. పత్రికలో పెర్సీ డికిన్స్ ఓ ఇరవై దుకాణాలకి ఫోన్ చేసి ఏవి బాగా పోతున్నాయో రాసుకుని పట్టిక కట్టాడు. పేరుకి టాప్ 12, పాటలు మాత్రం 15. ఒకే స్థానంలో రెండేసి పడ్డ చోట్లున్నాయి. ఆల్ మార్టినో "హియర్ ఇన్ మై హార్ట్" 9 వారాలు దిగలేదు.

మనవాళ్ళకి ఇంకా రుచించేది ఒకటుంది. రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలైంది 1952 డిసెంబర్ 3న. అంటే బ్రిటన్ చార్టుకి సరిగ్గా 19 రోజుల తర్వాత. మొదట్లో గీత్‌మాలాలో ర్యాంకులు లేవు. 7 పాటలు కలగాపులగంగా వేసి, ఏది ముందు వచ్చిందో వరసలో పేర్చి ఉత్తరం రాయమనేవారు. ర్యాంకుల గోల తర్వాతది.

#7 పాతపాటలపెట్టె
మావయ్యా, ఆ ముడి ఇంకా దగ్గరికి లాగొచ్చు. 1953కి గీత్‌మాలా వార్షిక జాబితాలో మొదటి స్థానం "అనార్కలీ" సినిమాలోని "యే జిందగీ ఉసీ కీ హై". సి. రామచంద్ర బాణీ, లతా గొంతు. 1955 తెలుగు "అనార్కలి"లో ఆదినారాయణరావు గారి సంగీతంలో జిక్కి పాడిన "జీవితమే సఫలము" ఆ బాణీయే. క్విజ్‌లో ఈ రెండూ ఒక్కో పది సెకన్లు వెనకాముందూ వేయండి. హాల్లో పెద్దవాళ్ళు మైకు అందకముందే అరుస్తారు.

#8 నల్లచక్రం
ఇప్పుడు 2, 6 కలిపి చెప్తా. ఈ రౌండులో అసలు సరుకు ఇక్కడుంది.

ఆర్సీఏ 45లు 1949 మార్చి 31న విడుదలయ్యాయి. ఏడు రకాల సంగీతానికి ఏడు రంగుల వినైలు (రికార్డులు చేసే ప్లాస్టిక్). పాపులర్‌కి నలుపు, కంట్రీకి ఆకుపచ్చ, పిల్లల పాటలకి పసుపు, క్లాసికల్‌కి ఎరుపు, తేలికపాటి క్లాసికల్‌కి ముదురు నీలం, విదేశీ సంగీతానికి లేత నీలం. నల్లజాతివారి రిథమ్ అండ్ బ్లూస్‌కి సెరీస్, అంటే చెర్రీకీ నారింజకీ మధ్యస్థంగా ఉండే రంగు, వెలుతురుకి పెడితే అవతలికి కనిపిస్తుంది. అన్నీ ఒకే రోజు అమ్మకానికి వచ్చాయి కాబట్టి ఎడ్డీ ఆర్నాల్డ్ (48-0001) కంట్రీ వరసకి మొదటివాడు, అంతే. ముందుగా అచ్చుపడింది ఏదంటే పసుపు రంగు పిల్లల రికార్డు "పీవీ ద పిక్కొలో", 1948 డిసెంబర్, ఇండియానాపొలిస్ కర్మాగారం.

సెరీస్ వరసలో మొదటి నంబరు 50-0000. పాట "దట్స్ ఆల్ రైట్". పాడినవాడు మిసిసిపీ బ్లూస్ గాయకుడు ఆర్థర్ క్రూడప్. ఇప్పుడు 6కి రండి. ఎల్విస్ మొదటి వాణిజ్య రికార్డు సన్ కంపెనీ 209 నంబరుది, 1954 జులై 19. పాట? అదే "దట్స్ ఆల్ రైట్".

ఒకే పాటకి నాలుగు "మొదటి"లు. క్రూడప్ షికాగోలో పాడింది 1946 సెప్టెంబర్ 6. 78గా వచ్చింది 1947. 45గా 1949. ఎల్విస్ గొంతులో 1954. క్రూడప్‌కి ఆ పాట మీద న్యాయంగా రావలసిన రాయల్టీ రాలేదు, 1974లో పోయాడు. దీన్ని నాలుగు క్లూల ప్రశ్నగా పెట్టండి. రంగుతో మొదలుపెట్టి ఎల్విస్‌తో ముగించాలి. తిరగేస్తే మొదటి క్లూకే దొరికిపోతుంది.

#9 ట్యూబులైటు
45 అనే అంకె 78 లోంచి 33 తీసేస్తే వచ్చిందంటారు కదా. కొలంబియా మీద ఉక్రోషంతో ఆర్సీఏ పెట్టిందని. అదీ పెట్టొచ్చా?

#10 నల్లచక్రం
వద్దండీ, అది చమత్కారం. తీసివేత కుదరడం కాకతాళీయం. ఒక పక్క పాట 5 నిమిషాలకి కాస్త పైన పట్టాలి, రికార్డు చిన్నదిగా ఉండాలి, లోపలి గాడి దగ్గర శబ్దం చిట్లకూడదు. లోపలికి పోయేకొద్దీ ముల్లు కింద గాడి నడక నెమ్మదిస్తుంది, హెచ్చు స్వరాలు అరిగినట్టు వినిపిస్తాయి. గాడి లోపలి వ్యాసం బయటి వ్యాసంలో సగం ఉన్నప్పుడు చోటు అత్యధికంగా కలిసొస్తుందని లెక్క తేలింది. ఆ కొలతల్లోంచే వేగం వచ్చింది. 6⅞ అంగుళాల పళ్ళెం, నడుమ ఒకటిన్నర అంగుళాల బెజ్జం. లేబులు చోటు ఉబ్బుగా చేశారు, రికార్డు మీద రికార్డు పడ్డా గాళ్ళు రాసుకోకుండా. బెజ్జం పెద్దదవడం కూడా ఛేంజరు కోసమే. రికార్డుల్ని వరసగా దించే యంత్రాంగం మొత్తం ఆ లావుపాటి కమ్మీలోనే ఇమిడిపోయింది. మామూలు టర్న్‌టేబుల్ మీద పెట్టాలంటే నడుమ అడాప్టరు కావాలి, మర్చిపోకండి. అడాప్టరు లేకుండా ఉజ్జాయింపుగా పెడితే పాట ఊయలూగుతుంది.

#11 ముల్లుగర్ర
ఎల్విస్ మీద చిన్న సవరణ. 1953లో అతను ఆ సన్ వాళ్ళ మెంఫిస్ స్టూడియోలోనే డబ్బు కట్టి "మై హ్యాపీనెస్" అని ఒక అసిటేటు (నేరుగా గాడి కోసిచ్చే రికార్డు) కోయించుకున్నాడు. లోకంలో ఒకటే ప్రతి. 2015 జనవరిలో వేలంలో 3 లక్షల డాలర్లు పలికింది. అందుకే ప్రశ్నలో "వాణిజ్య" అన్న మాట ఉండి తీరాలి. "ఆర్సీఏ కోసం పాడిన మొదటి సింగిల్" అంటే అప్పుడు మీ హార్ట్‌బ్రేక్ హోటల్, 1956 జనవరి 10న రికార్డయింది.

#12 ముల్లుగర్ర
4వ ప్రశ్న తీసేయండి. "మొదటి రాక్ అండ్ రోల్ రికార్డు" అన్నదానికి అందరూ ఒప్పుకునే జవాబు లేదు. ఫ్యాట్స్ డామినో "ద ఫ్యాట్ మాన్" 1949 డిసెంబర్ 10, న్యూ ఆర్లియన్స్‌లో కోసిమో మటాసా స్టూడియో. "రాకెట్ 88" 1951 మార్చి, మెంఫిస్. లేబులు మీద పేరు జాకీ బ్రెన్‌స్టన్, వాయించింది ఐక్ టర్నర్ బృందం. ఆ రికార్డులో గిటారు బొంగురుగా ఉండటానికి కారణం దారిలో దెబ్బతిన్న ఆంప్లిఫయరు. స్పీకరు కాగితం చిరిగితే లోపల కాగితాలు కుక్కి అలాగే వాయించేశారు. స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ ఆ మోత బాగుందని ఉంచేశాడు.

రాక్ అరౌండ్ ద క్లాక్‌కి 1955 అని రాశారు. రికార్డయింది 1954 ఏప్రిల్ 12, న్యూయార్క్ పిథియన్ టెంపుల్ స్టూడియో. విడుదల మే నెలలో, అదీ రెండో పక్కన. మొదటి పక్క "థర్టీన్ విమెన్". సెషనులో సమయమంతా ఆ పాటే మింగేసింది. చివర్లో దీనికి మిగిలింది రెండు టేకులే (రెండుసార్లు పాడేంత సమయమే). మొదటిదాంట్లో బృందం హోరులో గాయకుడు బిల్ హేలీ గొంతు మునిగిపోయింది. రెండో టేకులో వాద్యాల మైకులు తగ్గించి గొంతు పట్టారు. తర్వాత రెండూ కలిపారు. గిటారు సోలో వాయించిన డానీ సెడ్రోన్ 1952లో "రాక్ ద జాయింట్"లో తను వాయించిన ముక్కనే ఇక్కడా వాయించాడు. కూలి 21 డాలర్లు. రెండు నెలలకే మెట్ల మీంచి పడి చనిపోయాడు, పాట నంబర్ వన్ అవడం చూడలేదు. 1955లో "బ్లాక్‌బోర్డ్ జంగిల్" సినిమా మొదట్లో వేశాక గానీ జనం చెవిన పడలేదు. జులై 9న బిల్‌బోర్డ్ అమ్మకాల పట్టికలో పైకెక్కి 8 వారాలు కూర్చుంది. ప్రశ్న కావాలంటే "ఏ సినిమా వల్ల?" అని అడగండి.

#13 సాధారణగాంధారం
చర్చ బాగుంది గానీ, క్విజ్‌పిచ్చి గారు మొదట్లో రాసిన ప్లేయరు మాట అందరూ దాటేశారు. స్టేజి మీద పరువు పోయేది అక్కడే.

ట్రాన్స్‌ఫార్మరు 230ని 110 చేస్తుంది. హెర్ట్జ్‌ని, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్నదాన్ని, ముట్టుకోదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. ఆ కాలం ప్లేయర్ల మోటారు వేగం హెర్ట్జ్‌ని బట్టే పోతుంది. కాబట్టి అన్నీ ఆరింట అయిదు వంతులకి పడతాయి. 45 కాస్తా 37.5, 33⅓ కాస్తా 27.8.

వినడానికి ఎలా ఉంటుందంటే, శ్రుతి సరిగ్గా షడ్జమానికీ సాధారణ గాంధారానికీ మధ్య ఉన్నంత దూరం దిగుతుంది. 6/5 నిష్పత్తి కదా. 5 శ్రుతిలో ఉన్న పాట 3 శ్రుతికి వస్తుంది. ఎల్విస్ గొంతు బరువెక్కి, నిద్రలో పాడినట్టుంటుంది. తాళం కూడా అంతే సాగుతుంది. పాట బాగా తెలిసినవాళ్ళకి తప్ప వేగం తప్పిందని తట్టదు, రికార్డే బాగాలేదనుకుంటారు.

#14 క్విజ్‌పిచ్చి
అయ్యబాబోయ్. పళ్ళెం అంచున వేగం సరిచూసే స్ట్రోబు చుక్కలున్నాయి సార్. ఇంట్లో ట్యూబులైటు కింద చూస్తే నిలబడే ఉన్నాయి. అందుకే వేగం సరిగ్గా ఉందనుకున్నా.

#15 సాధారణగాంధారం
ఆ చుక్కలే మిమ్మల్ని మోసం చేశాయి. 60 హెర్ట్జ్‌కి చేసిన పళ్ళేనికి 33⅓ వరసలో 216 గీతలుంటాయి, మీరు చుక్కలన్నవి అవే. మన దీపం సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. మిణుకుకో గీత దాటితే గీతలు కదలనట్టు కనిపిస్తాయి. 216 గీతల పళ్ళెం నిమిషానికి 27.8 తిరిగితే సెకనుకి సరిగ్గా 100 గీతలు దాటతాయి. అంటే తప్పు వేగానికే గీతలు బుద్ధిగా నిలబడతాయి. మోటారూ దీపమూ ఒకే కరెంటు తాగుతున్నాయి, సాక్షీ దొంగా ఒకే ఇంటివాళ్ళు.

మన కరెంటుకి కావలసిన గీతలు: 33⅓కి 180, 45కి 133, 78కి 77. కాగితం మీద అచ్చు వేసుకుని రికార్డు మీద పెట్టి చూడండి. లేదా ఏ గీతలూ వద్దు. పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్లో గడియారం పెట్టి నిమిషం లెక్కపెట్టండి. 45 చుట్లు రావాలి. 37, 38 మధ్య వస్తే నేను చెప్పిందే.

మందు రెండు రకాలు. మోటారు ఇరుసు మీది పుల్లీ 1.2 రెట్లు వ్యాసంతో లేతు మీద కొత్తది తిప్పించుకోవడం. వేగాల మెట్లు మూడుంటే మూడూ ఆ లెక్కనే పెంచాలి. 60 హెర్ట్జ్ మోటారు 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది, గంటల తరబడి నడపొద్దు. రెండోది సులువు. నెమ్మదిగా తిరుగుతున్నట్టే కంప్యూటర్లోకి ఎక్కించుకుని, సాఫ్ట్‌వేర్‌లో వేగం 20 శాతం పెంచండి. వేగం, శ్రుతి రెండూ కలిసి మారే ఆప్షను వాడాలి. ఒక్క టెంపో (పాట నడక) పెంచితే శ్రుతి కిందనే ఉండిపోతుంది. స్టేజి మీద పళ్ళెం తిప్పుతూ, పాట మాత్రం ఆ ఫైలు లోంచి వేయండి.

#16 ముల్లుగర్ర
దానికి ముందు ముల్లు చూసుకోండి. ఆ కాలం ప్లేయర్లలో తిప్పితే మారే రెండు ముళ్ళుంటాయి. 78కి 3 మిల్లులది (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే దాదాపు 76 మైక్రాన్లు. ఎల్పీ, 45లకి 1 మిల్లుది, 25 మైక్రాన్లు. లావు ముల్లు 45 మీద పెడితే గాడిలోకి దిగదు, పై అంచుల్ని చెక్కేస్తుంది, రికార్డు పాడవుతుంది. సన్న ముల్లు 78 మీద పెడితే గాడి అడుగున దుమ్ములో పొర్లుతూ గరగరమంటుంది. రికార్డుకి పెద్ద దెబ్బ కాదు గానీ వినలేం. చావి తిప్పే గ్రామఫోన్ ఉక్కు సూది కింద మాత్రం 45ని చస్తే పెట్టకండి.

#17 లెస్టర్‌మావయ్య
78 అంటే 1950లతో పోయిందని ఎవరైనా హాల్లో అంటే, అది అమెరికా సంగతని చెప్పండి. కలకత్తా దగ్గర మన డమ్‌డమ్ రికార్డుల కర్మాగారం బీటిల్స్‌ని కూడా 78ల మీద అచ్చేసింది, 1960ల మధ్యలో. ఇప్పుడు ప్రపంచమంతా సేకరించేవాళ్ళు వెతికేవి అవే.

#18 క్విజ్‌పిచ్చి
చుట్లు లెక్కపెట్టా. నిమిషానికి 37న్నర! ఫైలు పద్ధతికే పోతున్నా. 4 తీసేసి క్రూడప్ నాలుగు క్లూలు పెట్టా. ఒక్క సందేహం. 180 గీతల కాగితం అచ్చు వేసి కొత్త ఎల్ఈడీ బల్బు కింద పెడితే గీతలు కనిపించడమే లేదు, అంతా బూడిదరంగు.

#19 సాధారణగాంధారం
చాలా ఎల్ఈడీ బల్బులు కరెంటుతో పాటు మిణకవు, అందుకే. పాత చోకు ఉన్న ట్యూబులైటు కింద పెట్టండి. లేదంటే ఎలక్ట్రీషియన్ టెస్టరు లోపల ఉండే నియాన్ బల్బు ఉంది చూశారా, గది చీకటి చేసి దాన్ని గీతల దగ్గరగా పెడితే చాలు. టెస్టరు ఫేజుకి తగిలి ఉన్నంతసేపూ రెండో చెయ్యి ప్లేయరు ఇనప భాగాలకి తగలనివ్వకండి.